తాళం వేసిన జామతొట్టి

బావా,

గోడకు అడ్డమని నీ పెరటి జామచెట్టును కొట్టించబోతే మూడు నెలలు ఆపమన్నాను కదా, ఇక గోడ కట్టుకో. వేరుకుళ్లుకు లొంగని ఆ జాతి బతికింది! దాని కొమ్మలు మట్టిలో కుళ్లాయి, ఇసుకలో ఎండాయి. ఇసుకలో కొబ్బరిపొట్టు కలిపిన తొట్టిలో మాత్రం పన్నెండుకు పన్నెండూ చిగురించాయి. వేళ్లు తెల్లగా, దారాల్లా ఉన్నాయి. ఇకమీద నా జామ అంట్లన్నీ వాటిమీదే కడతాను.

గొప్పతనమంతా పొట్టుదేనా అంటే, కాస్త మీ చెల్లెలిది కూడా. “రోజూ పీకి చూస్తుంటే వేళ్లెప్పుడు పడతాయి మహానుభావా?” అని ఈసారి తొట్టిని అద్దాల గదిలో పెట్టి తాళమేసింది.

మరి వేళ్లు నువ్వెలా చూశావంటావా? నిన్న తాళంచెవి దొరికింది. ఒకటి పీకాను, వేళ్లు తెగాయి. అందుకని చెట్టు కొట్టేముందు ఒక లేతకొమ్మ కత్తిరించి, తడిగుడ్డలో చుట్టి, ఆవిడ పన్నెండూ ఉన్నాయో లేదో లెక్కపెట్టేలోపు పట్టుకురా, ఆ ఖాళీలో గుచ్చేస్తాను.

ఇట్లు,
చేతులు కట్టుకుని కూర్చున్న
నీ బావ