బ్రేక్‌లో మోగిన ఫోన్

సెప్టెంబర్ 22, గురువారం

బస్సులు లేవు. తెలంగాణ సమ్మె అయ్యేదాకా రావంటున్నారు. దవాఖానలో నాకు సెలవు దొరికింది. ఐర్లండ్ ఉద్యోగానికి ఇంగ్లీషు పరీక్ష రాసే నర్సును ఇక్కడ నేనొక్కదాన్నే.

పరీక్ష నియమాలు మళ్లీ పైకి చదివాను. చదవడం, వినడం అయ్యాక పది నిమిషాల బ్రేక్. ఆ తర్వాత మాట్లాడటం, రాయడం. బ్రేక్‌లో నీళ్లు తాగొచ్చు, బాత్రూంకు వెళ్లొచ్చు. ఫోన్ ముట్టుకుంటే పరీక్ష రద్దు. ఆలస్యంగా వస్తే మన కోసం గడియారం ఆగదు.

తమ్ముడు శీను పక్కన కూర్చుని విన్నాడు. "ఏందక్కా, గిది బ్రేకా, జైలా?"

సెప్టెంబర్ 23, శుక్రవారం

హైదరాబాద్. పెద్దమ్మ ఇల్లు. జనగామలో రైలెక్కించింది శీనే. రేపటి నుంచి రైళ్లూ ఉండవు — పట్టాల మీద కూర్చునేది వీళ్లే మరి. శీను, పక్కింటి యాకూబ్, వాళ్ల దోస్తులు.

"పైలం రా" అన్నాను.

"నువ్వు మంచిగ రాయి. తెలంగాణ మేం దెస్తం."

సెప్టెంబర్ 24, శనివారం

జరిగింది జరిగినట్టు రాయాలి.

ఫోన్ ఆపేసి, బ్యాటరీ కూడా తీసి, లాకర్లో పెట్టాను. సెక్యూరిటీ ఆయన చూసి, తాళంచెవి నా చేతికిచ్చాడు. మొదటి రెండు భాగాలు బాగానే అయ్యాయి.

బ్రేక్. వరండాలో నీళ్లు తాగుతున్నాను. లాకర్ల గదిలో ఫోన్ మోగింది.

నాదే. శీను రింగ్‌టోన్‌గా పెట్టిన డప్పు మోత. అది ఇంకెవరి ఫోన్లోనూ వినలేదు.

సెక్యూరిటీ ఆయనా తల తిప్పాడు. "ఎవలదమ్మా అది? బంద్ జేసి పెట్టుమని చెప్పలే?"

నాదంటే పరీక్ష పోతుంది. అక్కడ శీను పట్టాల మీద ఉన్నాడు. తాళంచెవి అరచేతిలో తడిసిపోయింది. రెండడుగులు వేశాను... అక్కడే నిలబడిపోయాను. మోత మధ్యలో తెగింది — ఎవరో ఎత్తినప్పుడు తెగినట్టు.

లోపలికి పిలిచారు. మాట్లాడే భాగం. నోటి ముందు మైకు. నీకు భద్రంగా అనిపించిన చోటు గురించి చెప్పు, అని ప్రశ్న. ఏమీ ఆలోచించలేదు. పాత పత్తి మిల్లు గురించి చెప్పాను. చిన్నప్పుడు పెద్ద వానలో శీనూ నేనూ దాక్కున్న మిల్లు. నా తమ్ముడు, వెనక తలుపు, పత్తి వాసన... అంతా ఇంగ్లీషులో, ఎక్కడా తడబడకుండా. అంత బాగా ఎన్నడూ మాట్లాడలేదు. హెడ్‌ఫోన్లో మాత్రం ఎవరో పరుగెత్తి రొప్పుతున్న చప్పుడు. నా ఊపిరే అనుకున్నాను.

అయ్యాక లాకర్ తీశాను. ఫోన్ ఒక పక్క, బ్యాటరీ ఒక పక్క. పెట్టింది పెట్టినట్టే.

సెప్టెంబర్ 25, ఆదివారం

అమ్మ ఫోన్ చేసింది. పట్టాల మీదికి పోలీసులొచ్చారట. శీను ఇంటికి రాలేదు.

"తలో దిక్కు ఉరికిండ్రట బిడ్డా. యాకూబ్ గూడ రాలే."

శీను ఫోన్ పలకడం లేదు.

సెప్టెంబర్ 26, సోమవారం

ఏ కబురూ లేదు.

సెప్టెంబర్ 27, మంగళవారం

కూరగాయల వ్యానులో జనగామ చేరాను. శీను ఇంట్లోనే ఉన్నాడు! రాత్రే వచ్చాడట. మోకాలు చెక్కుకుపోయింది. పట్టుకుని ఏడ్చాను. వాడు ఏడవలేదు, నవ్వలేదు. అమ్మ వంటింట్లోకి వెళ్లేదాకా ఆగి అడిగాడు.

"అక్కా, నాతోని ఇంగ్లీషుల ఎందుకు మాట్లాడినవ్?"

"ఎప్పుడురా?"

"శనివారం. ఉరుక్కుంటనే నీకు ఫోన్ జేసిన. ఎటు పోవాల్నో సమజ్ గాలే, నీ గొంతు ఇందామనిపిచ్చింది. ఎత్తినవ్. ఇగ గడగడ ఇంగ్లీషే. నాకు సమజైనయ్ రెండే — బ్రదర్, కాటన్ మిల్. బజారు దిక్కు పోతున్నోణ్ణి మిల్లు దిక్కు మళ్లిన. గా ఎనక తలుపుల దూరి నిన్న రాత్రిదాంక గాడనే పన్న. ఫోన్ల చార్జింగ్ అయిపోయింది."

ఎన్నింటికి చేశావని అడిగాను. చెప్పాడు. అది మా బ్రేక్ సమయం. మిల్లు గురించి నేనింకా మాట్లాడనేలేదు. ఆ ప్రశ్న అప్పటికి నా ముందుకు రానేలేదు.

"నేను ఎత్తలేరా."

"ఎత్తినవ్. నీ గొంతు నాకు ఎరుక లేదా?" తన ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. "అక్కా అక్కా అని మొత్తుకున్న. నువ్వు ఇనలే. చెప్పుకుంటనే పోయినవ్."

సెప్టెంబర్ 29, గురువారం

యాకూబ్ రాలేదు. వాళ్లమ్మ ఖాజాబీ పొద్దంతా గడపలోనే కూర్చుంటోంది. ఠాణాలన్నీ తిరిగారు. ఎక్కడా లేడు.

అక్టోబర్ 8, శనివారం

ఫలితాలు. చదవడం, వినడం, రాయడం — అన్నీ పాస్. మాట్లాడటం దగ్గర ఖాళీ.

పరీక్ష ఆఫీసుకు ఫోన్ చేసి అడిగాను. అవతలి అమ్మాయి మర్యాదగానే చెప్పింది. "మైకు బాగానే పని చేసిందండీ. మీరు ఏమీ మాట్లాడలేదు."

మళ్లీ రాయాలి.

అక్టోబర్ 13, గురువారం

తేదీ వచ్చింది. ఎల్లుండే. మా దవాఖాన డాక్టరమ్మ రేపు కారులో హైదరాబాద్ వెళ్తూ నన్నూ తీసుకెళ్తానంది.

శీను మొదట పోవద్దన్నాడు. తర్వాత, "పో. గని బ్రేక్‌ల గా లాకర్ల దిక్కు సూడకు."

ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దన్నాను. వాడు తల దించుకున్నాడు.

అక్టోబర్ 14, శుక్రవారం

బ్యాగు సర్దుతుంటే ఖాజాబీ వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. మనిషి సగమైపోయింది.

"శీను చెప్పిండు బిడ్డా. రేపు మల్ల పోతున్నవట."

అది నేను కాదు, ఎట్ల జరిగిందో నాకే తెలియదు అని చెప్పాలి. బ్యాగు జిప్పు లాగాను.

"ఎక్కువ చెప్పొద్దు. గా మైకుల మా యాకూబ్ పేరు తియ్యి. ఇంటికి రమ్మను. ఇంగ్లీషుల ఇంటిని ఏమంటరు?"

"హోమ్."

"గంతేనా?" నా ముఖంలోకి చూసింది. "గంత చిన్న మాటైతే వానికి సమజైతది."

ఆ మాట మరిచిపోకుండా నోట్లో అనుకుంటూ వాకిలి దాటింది.

కారు వచ్చింది. డాక్టరమ్మ హారన్ కొడుతోంది. రేపు ఏ ప్రశ్న వస్తుందో నాకు తెలియదు.