మడతలు లేని ఫొటోలు

మార్చి 3
బతికున్న కణం ఎలా ఉంటుందో నేను ఎప్పుడైనా చూశానా? ఇరవై ఏళ్లుగా అడుగుతూనే ఉన్నాను, పైకి కాదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టాలంటే కణాన్ని ముందు గ్లూటరాల్డిహైడ్‌లో ముంచాలి. ఆ మందు ప్రోటీన్లను ఒకదానితో ఒకటి ముడేసి, ఎక్కడివాటిని అక్కడే బిగించేస్తుంది; దీన్నే ఫిక్సేషన్ అంటాం. నా పీహెచ్‌డీ అలాంటి ఫొటోల మీదే నిలబడింది: నాచు కణం పొరలో లోపలికి మడతలు. ఈ ఉద్యోగమూ వాటి పుణ్యమే.

మార్చి 9
నా రీసెర్చ్ స్టూడెంట్ అదే నాచును మందు వేయకుండా, కొత్త పద్ధతిలో రెప్పపాటులో గడ్డకట్టించి చూసింది. మడతలు లేవు. మూడుసార్లు చేసిందట. నా చేతిలోనే ఏదో తేడా ఉంది మేడమ్ అంటూ గోళ్లు కొరుక్కుంది. తన థీసిస్‌లో మొదటి అధ్యాయమంతా నా మడతలే. మళ్లీ చెయ్యమన్నాను. అలా అన్నందుకు సిగ్గేసింది.

మార్చి 10, మధ్యాహ్నం 3
నాలుగోసారీ లేవు.

మార్చి 14
పాత నెగటివ్‌ల డబ్బాలు టెక్నీషియన్ అటక మీంచి దించి ఇచ్చాడు. అప్పట్లో వీటి మీద గుడ్ల మీద కోడిపెట్టలా కూర్చునేవారమ్మా, టీ తెచ్చినా కసురుకునేవారు, అని నవ్వాడు. ఒక డబ్బా మీద నా చేతిరాతే: ఫిక్సేషన్ సరిగా కాలేదు, వాడొద్దు. లోపల ముప్పై ఒక్క ఫొటోలు. ఒక్కదాంట్లోనూ మడత లేదు.
మడత కనిపిస్తే మందు బాగా పట్టినట్టు, కనిపించకపోతే పట్టనట్టు. ఇదీ నా కొలత.

మార్చి 15
మా ఆయనకు చెప్పాను. మడతల మీద అచ్చయిన నా పరిశోధన పేపర్ వెనక్కి తీసుకుంటే పరువు పోతుంది అన్నాను. తీసుకోకపోతే ఆ పిల్ల థీసిస్ పోతుంది, దానికింకా పోగొట్టుకోడానికి పరువు కూడా రాలేదు కదే, అన్నాడు. స్టవ్ మీద పాలు పొంగిపోయాయి. ఇద్దరం లేవలేదు.

మార్చి 19
ఆ పేపర్ వేసిన సైన్స్ పత్రికకు రాశాను. ఆ మడతలు కణానివి కావు, మందు తెచ్చిపెట్టినవి; పేపర్ వెనక్కి తీసుకుంటున్నాను. ముప్పై ఒక్క ఫొటోలూ జతచేశాను. స్టూడెంట్ చదివి, ఇప్పుడు థీసిస్‌లో నేను మీ గురించి ఏమని రాయాలి మేడమ్ అని ఏడ్చేసింది. జరిగింది జరిగినట్టు రాయి, నా పేరు పెట్టే రాయి, అన్నాను.

మార్చి 26
పత్రికవాళ్లు ఫారం పంపారు. అందులో ఒక ప్రశ్న: ఈ తప్పు తెలిసి జరిగిందా, తెలియక జరిగిందా? తెలియక అని టైప్ చేసి చెరిపేశాను. తెలిసి అనీ రాయలేను. ఆ డబ్బా పక్కన పెట్టిన రోజు నా మనసులో ఏముందో నాకింకా తేలడం లేదు.