గీతలు పడితే బాపు ఊకుంటడా

బాపూ,

ఈ బండి మీంచి పడి నువ్వు వెళ్లిపోయి ఇవాళ్టికి ఏడాది. దీన్ని అమ్మెయ్యమని ఇన్నాళ్లూ లొల్లి చేసిన అమ్మ, ఆటో దొరక్క, జల్‌పల్లిలో మేనత్త ఇంటికి నా వెనకే ఎక్కింది. దారి పొడవునా "మెల్లగ పోవే" అంటూనే ఉంది. ఒక సైకిల్ కూడా మమ్మల్ని దాటిపోయింది. బార్కస్ దగ్గర ఇసుకలో బండి జారి ఇద్దరం పడ్డాం.

"దెబ్బ తాకిందా అమ్మా?"

"నాకేం గాలే. ముందుగాల బండి సూడు. గీతలు పడితే మీ బాపు ఊకుంటడా?"

అనేశాక తనే ఆగిపోయింది. తర్వాత ఇద్దరికీ నవ్వు ఆగలేదు. తలకు దెబ్బ తగిలిందనుకుని ఎవరో భాయ్ నీళ్ల సీసా తెచ్చిచ్చాడు. అమ్మ ఒక్క గుక్క తాగి, మిగతా నీళ్లతో నీ బండి కడిగింది.