తెల్లనీళ్లు పారబోయకు

ఆదిలాబాద్

అవ్వా, నేను మంచిగనే ఉన్నాను, ఫికర్ చేయకు.

మొన్న నేను పనిచేసే కాగితం మిల్లులో పాత కాగితాల గుజ్జును మరీ శుభ్రంగా కడిగించాను. పాలలాంటి నీటితోపాటు పిండిలాంటి నలుసంతా కొట్టుకుపోయింది. ఆ గుజ్జుతో తీసిన కాగితం ముట్టుకుంటే మబ్బులా విడిపోయింది. ఆ నలుసు ఎక్కువైతే నీరు దిగదు, అసలు లేకుంటే పోగులు ఒకదాన్నొకటి పట్టుకోవు.

అప్పుడు ఆవిరిలో నువ్వే కనిపించినట్టయింది, మెంతులు వేసి రుబ్బిన కాగితాన్ని కుండ మీద గంపగా అద్దుతూ. పోయినసారి నేనొచ్చినప్పుడు "నా చేతుల్ల సత్తువ పోయింది బిడ్డా, గంపలన్నీ పలుగుతున్నయి" అన్నావు. గుజ్జును దోమతెరలో వడకట్టడం ఈ ఏడే కదా మొదలుపెట్టింది? ఇకమీద తెరలోంచి కారే ఆ తెల్లనీళ్లు పారబోయకుండా తేరనిచ్చి, అడుగున పేరిన పిండిని గుజ్జులో మళ్లీ కలుపు.

బాపు మోకాలు ఎట్లుంది? చిన్నారి దీక్షితకు నా ముద్దులు. నాకొక చిన్న గంప చేసిపెట్టు.

నీ చేతులకు ఏమీ కాలేదు అవ్వా.

నీ ప్రజ్ఞ