మీ సంగతి మీరు చూసుకోండి

వదినగారికి మీ ఆడపడుచు నమస్కారాలు.

ఇక్కడ చలి ఎముకలు కొరికేస్తోంది. మొన్న మా బ్యాంకులో ఒక డాక్టరమ్మని పిలిచి మాట్లాడించారు. చలికాలం సెలవులంటే ఇంటినిండా చుట్టాలు, పొయ్యి నిండా గిన్నెలు, ఆ హడావిడిలో ఇంటి ఆడవాళ్ళు తమని తాము మర్చేపోతారని ఆవిడ చెబుతుంటే మీరే కళ్ళముందు మెదిలారు. ముందు గదిలో కుట్టుమిషను, వెనక వంటిల్లు, మధ్యలో పరుగెడుతూ మీరు.

అందుకే చెబుతున్నా. ఈసారైనా మీ సంగతి మీరు చూసుకోండి వదినా. మా విషయాలు పట్టించుకోకండి.

సెలవులివ్వగానే పిల్లలతో వచ్చేస్తాం.

ఉంటాను,
మీ ఆడపడుచు

తా.క.: మా తోడికోడలు కూడా పిల్లలతో వస్తానంది. కాదనలేకపోయాను. మా చిన్నవాడు పాలు గోరువెచ్చగా ఉంటేనే తాగుతాడు. మా ఆయనకి పల్చటి పరుపు మీద నడుం పట్టేస్తుంది. మీరు మాత్రం ఏమీ హైరానా పడకండి.

*

చిరంజీవి ఆడపడుచుకి వదిన ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. అక్షరాలు మారలేదు. నా సంగతి నేను చూసుకోవాలా? మీ విషయాల్లో తలదూర్చకూడదా? నీ పెళ్ళిబట్టలు కుట్టిందెవరు? నీ పెద్దవాడు గుక్కపట్టి ఏడుస్తుంటే భుజాన వేసుకుని తిరిగిందెవరు? అప్పుడు అనలేదేం ఈ మాట?

మీ అన్నయ్యకి చదివి వినిపించాను. పేపరు దించకుండానే "అందులో తప్పేముందే, మంచి మాటేగా" అన్నారు. ఆ సాయంత్రం ఆయన టీ ఆయనే పెట్టుకున్నారు. మాడిన గిన్నె ఇంకా నానుతూనే ఉంది.

ఇది నాకు సీజను. కోట్లకి లైనింగులు, జిప్పులు, అందరికీ సెలవులకి ముందే కావాలి. ఆ పనంతా పెట్టుకుని కూడా మీకోసం పరుపులు ఎండబెట్టాను. చివరికి నాకు దక్కింది ఈ మాట!

ఇట్లు,
ఎవరి సంగతీ పట్టించుకోని
నీ వదిన

తా.క.: పరుపు కింద ఇంకో పరుపు వేయిస్తున్నాను. అది మీ ఆయన నడుం కోసం. నీ మొహం చూసి కాదు.

*

వదినగారికి వెయ్యి నమస్కారాలు.

అయ్యో వదినా! నేనన్నదొకటి, మీరనుకున్నదొకటి. మీ ఒంటి సంగతి, మీ మనసు సంగతి చూసుకోమన్నాను. డాక్టరమ్మ చెప్పినవన్నీ విడమరిచి రాస్తాను. పొద్దున్నే కాసేపు ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చోవాలట. చెయ్యలేని పనిని చెయ్యలేనని చెప్పెయ్యాలట. సాయంత్రం వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకోవాలట. అందుకోసం ఒక ప్లాస్టిక్ టబ్బు పార్సిల్ చేశాను. అన్నిటికన్నా ముఖ్యం, రోజుకోసారి అద్దంలో మీ మొహం చూసుకోండి వదినా. నిదానంగా చూసుకోండి. మీకే తెలుస్తుంది.

మీ ఉత్తరం మా తోడికోడలికి చూపించి ఏడ్చాను. "ఆవిడకి కోపమొస్తే అక్కడ వంటెవరు చేస్తారు?" అని అది కూడా బెంగపెట్టుకుంది.

మీ మంచి కోరే
ఆడపడుచు

తా.క.: టబ్బు పెద్దదే తీసుకున్నాను. పిల్లల బట్టలు నానబెట్టడానిక్కూడా పనికొస్తుంది.

*

చిరంజీవి ఆడపడుచుకి ఆశీస్సులు. ఇవ్వాలి కనక ఇస్తున్నాను.

నన్ను అద్దంలో మొహం చూసుకోమన్నావు. మీ అమ్మ కూడా, ఆవిడ కోపం నీకు తెలియనిదా, ఏనాడూ నన్ను ఆ మాట అనలేదు. నీ టబ్బు అందింది. అందులో పిల్లల బట్టలు నానబెట్టాల్సిందెవరో కూడా రాసుంటే బావుండేది.

పంతానికి అద్దం ముందు నిలబడ్డాను. జుట్టులో దారప్పోగులు. కళ్ళకింద నలుపు. భుజం మీద గుచ్చుకున్న గుండుసూది, ఎప్పటినుంచి ఉందో. ఎవరీవిడ అనిపించింది. జుట్టు సర్దుకుందామని చెయ్యెత్తితే వేళ్ళు ముడుచుకోలేదు. కత్తెర పట్టీ పట్టీ కుడిచెయ్యి మణికట్టు దాకా వాచింది. ఈ సంగతి మీ అన్నయ్యకి తెలీదు. అప్పటిదాకా నాకే తెలీదు.

సరేనమ్మా. నువ్వు చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేస్తాను. మీరంతా తప్పకుండా రండి.

ఇట్లు,
నీ వదిన

తా.క.: ఉప్పు డబ్బా పై అరలో, ఎడమచేతి వైపు ఉంటుంది. ఎందుకు చెబుతున్నానని అడక్కు.

*

వదినా, నమస్కారాలు తర్వాత పెడతాను.

ఇదేం పని? పిల్లలతో, సామాన్లతో దిగేసరికి మీ గుమ్మంలో అన్నయ్య ఒక్కడే చీపురు పట్టుకుని నిలబడ్డాడు. "మీ వదిన తన సంగతి తను చూసుకోవడానికి వెళ్ళింది" అన్నాడు. ఎక్కడికంటే "చెప్పొద్దంది" అంటాడు. ఉత్తరం రాసిస్తే చేరుస్తాడట. కవరు మీద అడ్రసు రాసేటప్పుడు కూడా, పరీక్షలో పక్కవాడు చూస్తాడేమోనన్నట్టు చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాడు!

నేను సెలవు పెట్టుకున్నది ఇందుకా? పొద్దున్న లేస్తే ఒకరికి టీ, ఒకరికి కాఫీ, ఒకరికి గోరువెచ్చటి పాలు. నేను వేడిచేస్తే మరీ వేడి, చల్లారిస్తే మరీ చల్లన. మా ఆయన రెండు పరుపుల మీద హాయిగా గురకపెడుతున్నాడు. తోడికోడలు తలనొప్పని దుప్పటి ముసుగు తియ్యట్లేదు. ఇది చాలదని కోట్లవాళ్ళు తలుపు బాదుతున్నారు. నిన్న ఒకావిడ జిప్పు నన్నే వెయ్యమంది. రాదంటే "మీ వదినైతే ఏనాడూ కాదనలేదు" అని సాధించి వెళ్ళింది.

ఆవిడ వెళ్ళాక మీ మిషను ముందు కూలబడ్డాను. మీరు కూర్చునేది కుర్చీ కూడా కాదు వదినా, స్టూలు. నడుం ఆనించుకునే దిక్కే లేదు దానికి. ఇన్నేళ్ళూ వస్తూ పోతూ నేను చూడనేలేదు.

అలాగని నా కోపం పోలేదు. ఎక్కడున్నారో చెప్పండి, వచ్చి తీసుకొస్తాను.

మీ ఆడపడుచు

తా.క.: టబ్బులో కాళ్ళు పెట్టుకుని ఇది రాస్తున్నాను. పిల్లలు నా పాదాల మధ్య కాగితప్పడవలు నడుపుతున్నారు. ఇప్పుడే అన్నయ్య వచ్చి "టీ ఏమైనా ఉందా?" అన్నాడు.

*

చిరంజీవి ఆడపడుచుకి మనస్ఫూర్తిగా ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. పోస్టుమాన్ తెచ్చి నీ గుమ్మంలోనే వేశాడు. నేనున్నది మీ ఇంట్లోనే.

కంగారుపడకు. మీరంతా మా ఇంటికొచ్చేశాక మీ ఇల్లంత ప్రశాంతమైన చోటు ఇంకెక్కడుంటుంది? మీ అత్తగారు మోకాళ్ళ నొప్పులతో ప్రయాణం చెయ్యలేక ఏటా ఒంటరిగా ఉండిపోతారు కదా, ఆవిడకి తోడుంటానని చెప్పి ఓ మూల పడుకుందామనుకుని వచ్చాను. తలుపు కొడితే ఆవిడ మేడమెట్లు రెండేసి చొప్పున దిగొచ్చారు! నన్ను చూసి కొయ్యబారిపోయి, ఆనక గుర్తొచ్చినట్టు మోకాలు పట్టుకున్నారు. అదీ పట్టుకోవాల్సిన మోకాలు ఏదో ఒక క్షణం ఆలోచించుకుని.

"ఇంక దాచేదేముంది, లోపలికి రా" అన్నారు. మీరంతా మూటాముల్లె సర్దుకుని మా ఇంటికి బయల్దేరే రోజు కోసం ఆవిడ ఏడాదంతా ఎదురుచూస్తారట! నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళూ ఈవిడ విశ్రాంతికి నేను అక్కడ వండి వార్చానన్నమాట! ఆ మాటే మొహం మీద అడిగేశాను. "నిజమేనమ్మా. అందుకే ఈసారి నేను వండుతాను, నువ్వు పడుకో" అన్నారు.

పడుకున్నాను. లేచేసరికి చీకటి పడింది. ఏదైనా పనుందేమోనని వంటింట్లోకి వెళితే నన్ను కూర్చోబెట్టి, టీ ఇచ్చి, వాచిన చేతికి వేడినీళ్ళ గుడ్డతో కాపడం పెట్టారు. "ఇంతలా వాచేదాకా ఎవరూ చూడలేదా?" అన్నారు. నాకు ఏడుపాగలేదు. ఎంతసేపు ఏడ్చానో ఆవిడకే తెలుసు. ఆవిడ మాత్రం గుడ్డ మార్చి మార్చి వేస్తూనే ఉన్నారు.

స్టూలు సంగతి కనిపెట్టావు కనక నీ మీద సగం కోపం పోయింది. మిగతా సగం సెలవులయ్యేదాకా దగ్గరుంచుకుంటాను. అప్పటిదాకా నన్ను తీసుకెళ్ళడానికి ఎవరూ రావద్దు.

ప్రేమతో,
నీ వదిన

తా.క.: వచ్చే ఏడు సెలవులకి మీ అత్తగారు నన్ను ఇప్పుడే పిలిచారు. నువ్వు మీ ఆయన్ని, పిల్లల్ని, తోడికోడల్ని వెంటబెట్టుకుని మా ఇంటికి తప్పకుండా రావాలి. మీరు రాకపోతే మేమిద్దరం ఊరుకోం.