ముల్లు ఎంత కింద ఉంటే అంత

ప్రియమైన వదినకి,

ఫోన్ చేస్తే పక్కనే అన్నయ్య వింటాడని ఈ ఉత్తరం. గుండెపోటొచ్చి స్టెంటు వేయించుకున్న మనిషికి బీపీ నూట ముప్పై ఉందని మొన్న ఎంత నింపాదిగా చెప్పావు! ఒళ్లు మండిపోయింది నాకు. అదేమన్నా వంకాయల ధరా? మా ఆయనది నూట పది దాటదు. దాటితే నేనూరుకోను.

మా నాన్న ఎలా పోయాడో నీకు తెలియంది కాదు. రంగుల మిల్లులో బాయిలర్ ప్రెజర్ ముల్లు ఎర్రగీత దాటింది, చూసుకోవలసినవాడు టీకి పోయాడు. ఇంటికి తెచ్చి చూపించడానికి కూడా ఏమీ మిగల్లేదు. ఆ మిల్లులోనే, కొత్త బాయిలర్ ముల్లు ముందరే అన్నయ్య ఉద్యోగమంతా నిలబడి చేశాడు. ముల్లు ఎంత కింద ఉంటే అంత మంచిదని మా ఇంట్లో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. బట్టలు కుట్టే ఇంటి నుంచి వచ్చినదానివి, నీకేం తెలుస్తుందిలే.

ఉప్పు మానిపించు. చేతకాకపోతే ఒక్క మాట చెప్పు, నేను తెచ్చుకుని చూసుకుంటాను. అన్నయ్యంటే నాకు ప్రాణం.

నీ మేలు కోరే ఆడపడుచు


ప్రియమైన బుజ్జికి,

నీ ప్రేమ కాగితం నిండా కారిపోయింది. తుడుచుకోవడానికి గుడ్డముక్కలకేం కొదవలేదులే మా ఇంట్లో.

ఉప్పు మానిపించాను. అంకెలు చూపే బీపీ మెషిన్ వద్దని మీ అన్నయ్య పట్టుబట్టి ముల్లున్నదే కొనిపించారు. పొద్దున లేస్తూనే చెయ్యి చాపుతారు. పట్టీ కట్టి, గొట్టం చెవిలో పెట్టుకుని వినేది నేను. ముల్లు మాత్రం ఆయనే చూడాలి. అది దిగితే బడిలో ఫస్టొచ్చిన పిల్లాడిలా నవ్వుతారు. ఇప్పుడు పైది నూట పది, కిందది అరవై కూడా లేదు. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి, గోడ పట్టుకుని నడుస్తున్నారు.

డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళితే ఇద్దరినీ తిట్టింది. దెబ్బ తిన్న గుండెకి ప్రెజర్ ఎక్కువైనా ముప్పే, మరీ పడిపోయినా ముప్పేనట. కింది అంకె మరీ దిగితే గుండెకే రక్తం సరిగా అందదట. మీ ఆయన గుండె వేరు, ఈయన గుండె వేరు అంది. పైది నూట ముప్పై దగ్గరే ఉండాలని ఒక మాత్ర తీసేసింది. ఒకరి కొలతతో ఇంకొకరికి చొక్కా కుడితే ఏమవుతుందో మా ఇంట్లోనూ పాలు తాగే పిల్లకి తెలుసు.

నీ వదిన


ప్రియమైన వదినకి,

మాత్ర తీసేసిందా? ఆవిడ చదువు చట్టుబండలు కాను! ప్రెజర్ తగ్గి బాయిలర్ పేలిందని ఎక్కడైనా విన్నావా? కళ్లు తిరగడం ఒట్టి నీరసం. నువ్వు కడుపు నిండా పెట్టి ఉండవు.

మా ఆయన వేసుకునే మాత్రలు పార్శిల్లో పంపుతున్నాను. అన్నయ్య చేతికే ఇవ్వు. పారేశావని తెలిసిందో, మొగుణ్ణి చంపుకోవాలని చూస్తోందని బంధువులందరికీ చెబుతాను. నా నోరు సంగతి నీకు తెలుసుగా.

అన్నయ్య కోసం ఏమైనా చేసే, బుజ్జి


ప్రియమైన బుజ్జికి,

పార్శిల్ అందింది. కుట్టుమిషన్ మీద పెట్టుకుని ఒక పూటంతా దాన్నే చూస్తూ కూర్చున్నాను. డాక్టరమ్మ మాట గుర్తుంది. నీ నోరూ గుర్తుంది. చివరికి తీసుకెళ్లి మీ అన్నయ్య చేతికిచ్చాను. "మీ చెల్లెలు పంపింది. వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది" అని చెప్పాను కూడా.

"దానికన్నా నా మంచి కోరేవాళ్లెవరే?" అన్నారు.

చెయ్యి పట్టుకుని ఆపొచ్చు. ఆపలేదు. కాపురానికొచ్చిన నాటి నుంచి మీ అన్నాచెల్లెళ్ల మాటే చెల్లింది కదా, ఇదీ చెల్లనీ అనిపించింది. దాచుకోవడమెందుకు, కసిగానే ఉండింది నాకు.

ముల్లు తొంభైకి దిగిందని ఒకటే సంబరం. ఆ రోజే స్నానాల గదిలో పడిపోయారు. రెండో పోటు. ప్రాణం దక్కింది కానీ గుండె సగమే పనిచేస్తోంది. తలుపు దాకా నడిస్తే ఆయాసం. కళ్లు తెరిస్తే "బుజ్జి దగ్గరికి వెళతాను" అంటున్నారు. నువ్వూ తెచ్చుకుంటానన్నావుగా. ఈ ఆదివారం కారు మాట్లాడి పంపిస్తున్నాను. మెషిన్ కూడా బ్యాగులో పెట్టాను. ముల్లు ఎక్కడ ఉండాలో నీకే బాగా తెలుసు.

నీ మాట జవదాటని వదిన


ప్రియమైన వదినకి,

ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి. కానీ వదినా, అన్నయ్యను ఇప్పుడే పంపకు. మాది పై అంతస్తు, లిఫ్టు ఎప్పుడు ఆగుతుందో దానికే తెలియదు. ముందు గదిలో కొత్త సోఫా వేయించాం, మంచం పట్టదు. మా ఆయనకి మందుల వాసన గిట్టదు. నాకా, ఈ దిగులుతో బీపీ పెరిగింది. నువ్వైతే అలవాటుపడ్డదానివి.

ఏమన్నా జరిగితే వెంటనే కబురు చెయ్యి, అందరికన్నా ముందు నేనే వస్తాను. ఈ సంగతి అన్నయ్యకు చెప్పకు, తట్టుకోలేడు. ఉప్పు మాత్రం వెయ్యకు.

అన్నయ్యంటే ప్రాణమైన నీ ఆడపడుచు


ప్రియమైన బుజ్జికి,

చెప్పకు అన్నావు. చెప్పలేదు, చదివి వినిపించాను.

ఆదివారం అని పొద్దున్నే ఉతికిన చొక్కా తొడుక్కుని, బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఉత్తరంలో కొత్త సోఫా మాట దగ్గరికి రాగానే ఆగమన్నారు. మళ్లీ మొదటి నుంచి చదవమన్నారు. చదివాను.

కాసేపటికి బ్యాగులోంచి మెషిన్ తీసి, ఆయనే చెయ్యి చాపారు. పట్టీ కట్టాను. డాక్టరమ్మ ఎన్ని మాత్రలు తీసేసినా లేవని ముల్లు, ఇవాళ లేచి సరిగ్గా ఆవిడ చెప్పిన నూట ముప్పైకి వచ్చింది. మీ అన్నయ్య దాన్ని చూశారు. నవ్వలేదు. చొక్కా విప్పమన్నారు, గోడవైపు తిరిగి పడుకున్నారు.

నువ్వు పంపిన మాత్రలకన్నా నీ ఉత్తరమే నయం. దాన్ని మందుల డబ్బాలో పెట్టాను. ముల్లు దిగినప్పుడల్లా తీసి చదువుతాను.

ఇట్లు,
అలవాటుపడ్డ నీ వదిన