గోడవారన మడి

చిన్నా,

వదినను రాస్తున్నాను. ఫోన్లో నీతో అనలేని మాట కాబట్టి ఉత్తరం.

చెట్లు కొట్టేవాళ్ళ దగ్గర చెక్క పేళ్ళు తెప్పించి పెరట్లో కూరమడుల మధ్య దారుల్లో పరిపించాను. ఇప్పుడక్కడ నడిస్తే చప్పుడే ఉండదు. అత్తయ్య నా వెనక వచ్చి నిలబడినా తెలియడం లేదు. మిగిలిన పేళ్ళు మడుల మీద కప్పి ఊరుకోవలసింది, మట్టిలో కలిపి తవ్వేశాను. పచ్చి చెక్క కుళ్ళేటప్పుడు మట్టిలోని బలాన్ని లాగేసుకుంటుందని తర్వాత చదివాను. మొక్కలన్నీ పండుబారిపోయాయి.

గోడవారన మడిలో తప్ప. అందులోనూ అంతటా కాదు. మధ్యలో మనిషి పొడవున ఒక్క పట్టీ మాత్రం నల్లగా కనిపించేంత పచ్చగా ఉంది. ఆ వంకాయలు చూసి అత్తయ్య మురిసిపోతున్నారు. "మా చిన్నోడి చేతి చలవ అది. నువ్వూ ఉన్నావు, ముట్టుకుంటే మాడిపోతాయి" అన్నారు. నవ్వబోయి ఆగిపోయాను.

మీ అన్నయ్య ఇల్లు వదిలి వెళ్ళిన వారమే కదా, నా దిగులు మరిపించాలని ఆ మడి నువ్వు తవ్విపెట్టింది? ఆయన బస్సెక్కడం చూసింది కూడా నువ్వొక్కడివే.

అక్కడ ఎరువు ఎక్కువ పడి ఉండొచ్చు. రోజూ అలాగే అనుకుంటున్నాను, రోజూ నమ్మలేకపోతున్నాను. ఆదివారం అత్తయ్యను మా అమ్మ దగ్గరికి పంపిస్తాను. నువ్వు వచ్చి నా ఎదుట ఆ మడి తవ్వు. నీకు క్షమాపణ చెప్పుకోవాలని ఉంది. ఆ అవకాశం నాకివ్వు.

మీ వదిన